హాఫ్‌టికెట్టుకు నిద్ర నేర్పడం

వదిన ఆ ఆదివారం మధ్యాహ్నం చెప్పులైనా విడవకుండా లోపలికి వచ్చి, చంకన పెట్టుకున్న అట్టపెట్టెను తీసుకెళ్ళి మా ఆయన ఒళ్ళో పెట్టింది. పెట్టెలో పాత తువ్వాలు, తువ్వాల్లో గోధుమరంగు కుక్కపిల్ల. పుట్టి రెండు నెలలు నిండి ఉండవు. మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి సన్నగా ఒక మూలుగు మూలిగింది.

"తోడుగా ఒక ప్రాణం ఉంటే నిద్ర అదే పడుతుందిరా తమ్ముడూ," అంది వదిన. "మా వీధి చివర రిటైరైన మేష్టారికి కూడా ఇలాగే పట్టేది కాదు. కుక్కని తెచ్చుకున్నాడు. ఇప్పుడు గురక నాలుగిళ్ళకు వినిపిస్తుంది."

"గురక ఆయనదా, కుక్కదా వదినా?" అన్నాను.

వదిన నా వైపు గుర్రుగా చూసింది. నాకు నోరెక్కువ. మా డిపోలో ఎవరినడిగినా చెబుతారు. పన్నెండేళ్ళు రాత్రి బస్సులో కండక్టరుగా చేశాను, అదే బండికి మా ఆయన డ్రైవరు. మొగుడికీ పెళ్ళానికీ ఒకే బండి మీద డ్యూటీ వేయకూడదని ఎక్కడా రాసి లేదు గనక మేమే అడిగి వేయించుకున్నాం. సాయంత్రం ఏడింటికి ఎక్కితే తెల్లారి ఆరింటికి దిగేవాళ్ళం. రాత్రి బండిలో కండక్టరు పని టికెట్లు కొట్టడంతో అయిపోదు. జనం పడుకున్నాక, లోపలి దీపాలు ఆర్పేశాక, డ్రైవరు పక్కన ఇంజను పెట్టె మీద కూర్చుని మాట్లాడుతూ ఉండాలి. అదీ అసలు ఉద్యోగం. కూరలో ఉప్పెక్కువైన సంగతి, కొత్త మేనేజరు నడిచే తీరు, ఎప్పుడో చిన్నప్పుడు నేను బడి ఎగ్గొట్టిన కథ, ఏదైనా సరే. డ్రైవరు 'ఊఁ' కొడుతూ ఉండాలి. ఊఁ ఆలస్యమైందంటే బండి పక్కకు ఆపించి ముఖం మీద నీళ్ళు కొట్టించాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిదో చెడ్డదో తెలియదు గాని, పన్నెండేళ్ళు నలభై మందిని ఊరు చేర్చింది.

మూడు నెలల కిందట ఒక రాత్రి చేర్చలేదు. మూడింటికి పది నిమిషాలుందనగా మా బండి రోడ్డు పక్కన ఆగి ఉన్న కంకర లారీని ఎడమవైపు ఒరుసుకుంటూ పోయింది. ముందు వరసలో, ఎడమ కిటికీ దగ్గర పడుకున్న మనిషి పోయాడు. మిగతావాళ్ళకు దెబ్బలు తగిలాయి. మా ఆయనకు నుదుటి మీద మూడు కుట్లు. నాకు ఒంటి మీద గీత కూడా పడలేదు.

అప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. ఎప్పుడైనా కునుకు పట్టినా అయిదు నిమిషాలే. ఉలిక్కిపడి కుడికాలితో మంచం పట్టెను ఫెడీమని తంతాడు. బ్రేకు అనుకుని. లేచి కూర్చుని చెమట తుడుచుకుంటాడు. ఎంక్వయిరీ అయింది, సస్పెండ్ చేశారు, నన్ను పగటి డ్యూటీకి బుకింగ్ కిటికీ దగ్గరికి మార్చారు. కంపెనీ డాక్టరు ఆయన చేతులు చాపించి చూసి, "నెలాఖరుకి మళ్ళీ రా. ఎర్రదీపం వెలగ్గానే బ్రేకు మీద కాలు పడాలి, చేతులు వణకకూడదు, రాత్రి నిద్రపోతున్నావని నీ ముఖం చూస్తే నాకు తెలియాలి. లేదంటే స్టీరింగ్ మీద ఆశ వదులుకో," అన్నాడు. వదిన కుక్కపిల్లను తెచ్చేసరికి ఆ పరీక్షకు ఇరవై ఆరు రోజులుంది.

పంతొమ్మిదో ఏట స్టీరింగ్ పట్టుకున్న మనిషి. పెళ్ళిచూపుల్లో నా ముఖం కన్నా గుమ్మం ముందు ఆగిన వ్యాన్ను ఎక్కువసేపు చూశాడు. బండి లేకుండా ఆయన ఎలా ఉంటాడో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

"దీనికేం పేరు పెడదాం?" అన్నాను.

ఆయన కుక్కపిల్లను రెండు అరచేతుల్లో పెట్టి తూచినట్టు పైకెత్తాడు. "హాఫ్‌టికెట్టు," అన్నాడు. మూడు నెలల్లో ఆయన నోట జోకు లాంటిది రావడం అదే మొదలు. వదిన కళ్ళు ఒత్తుకుంది. నాకూ ఆశ పుట్టింది. అబద్ధమెందుకు.

ఆ రాత్రి హాఫ్‌టికెట్టు ఏడ్చిన ఏడుపు ఏడ్చినట్టు లేదు, ఇల్లు పీకి పందిరేసింది. పెట్టెను వంటింట్లో పెట్టాం. సీసాలో వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి, తల్లి పొట్టలా ఉంటుందని పక్కన పెట్టాం. సీసాను తన్నేసింది. దీపం వేస్తే కాసేపు ఊరుకుని, ఆర్పగానే రెట్టింపు అందుకుంది. పొద్దున్నే కింద వాటా పెద్దావిడ మెట్లెక్కి వచ్చి, "పిల్లల్ని ఎవరినైనా పెట్టుకున్నారా అమ్మా, కొడుతున్నట్టున్నారు," అంది. కుక్కపిల్లను చూపిస్తే ముక్కు మీద వేలేసుకుని, "నిద్ర పట్టని ఇంటికి నిద్రపోనిది వచ్చిందా," అని దిగిపోయింది.

"దానికి టైంటేబుల్ లేక ఏడుస్తోంది," అన్నాడు మా ఆయన.

నాకది చాలా సబబుగా తోచింది. వేరే ఇంట్లో ఎవరైనా ఇలా అంటే నవ్వేవాళ్ళేమో. రాత్రంటే మా ఇద్దరికీ హాల్టులే. పదకొండింటికి భోజనాలు, ఒంటిగంటకు టీ, మూడింటికి వంతెన, అయిదింటికి టోల్‌గేటు. రాత్రిని అలా ముక్కలు చేస్తేనే గడుస్తుందని మాకు పన్నెండేళ్ళ అనుభవం చెప్పింది. ఆయన పాత క్యాలెండరు వెనక గళ్ళు గీసి, గంటలు రాసి, వంటింటి తలుపుకు అంటించాడు. పదకొండింటికి లేపాలి, ఎత్తుకుని రెండంతస్తులు దించి వీధిదీపం కింద పని కానిచ్చి, పైకి తెచ్చి పడుకోబెట్టాలి. మళ్ళీ ఒంటిగంటకు. మళ్ళీ మూడింటికి. మిగతా గంటల ఎదురుగా హాల్టు పేర్లు కూడా రాశాడు, సరదాకు. మూడు ఎదురుగా మాత్రం ఏమీ రాయలేదు.

వంతెన దగ్గర ఎందుకు రాయలేదంటే, పోయిన మనిషి దిగాల్సింది అక్కడే. బూట్లు విప్పి సీటు కింద జాగ్రత్తగా పెట్టుకుని, "వంతెన దగ్గర లేపమ్మా, నాకు మొద్దునిద్ర," అని నాతో చెప్పి పడుకున్నాడు.

నాలుగు రాత్రులు అలా నడిపాం. విజిల్ ఊదడమొక్కటే తక్కువ. అయిదో రాత్రికి మేం లేపకముందే హాఫ్‌టికెట్టు సరిగ్గా ఒంటిగంటకు లేచి కూర్చుని అరిచింది. మూడింటికీ అంతే. "చూశావా, టైం అంటే టైమే," అని ఆయన మురిసిపోయాడు. నేనూ మురిశాను. అది పాసయినట్టు, మేం మార్కులు వేస్తున్నట్టు. మధ్యలో దానికి నిద్ర ఎక్కడుందని ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

టీకా వేయించడానికి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే, అక్కడ కాంపౌండరు దాని కనురెప్ప ఎత్తి చూశాడు. పొట్టిగా, లావుగా, మాటకోసారి నవ్వే మనిషి.

"రాత్రి పడుకుంటోందా?"

"టైముకు లేస్తోందండీ," అన్నాను గొప్పగా, గళ్ళ కాగితం సంగతి చెప్పాను.

ఆయన సూది పక్కన పెట్టి నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. "కుక్కపిల్లకు డ్యూటీ చార్టు వేసిన వాళ్ళని ఇప్పుడే చూస్తున్నానమ్మా. ఏడిస్తే తీసుకెళ్ళాలి గాని, నిద్రపోయేదాన్ని లేపి తీసుకెళ్తారా? ఇంత పిల్ల రోజుకు పద్దెనిమిది గంటలు పడుకోవాలి. నిద్రలోనే పెరుగుతుంది అది. పడుకోబోయే ముందు ఒకసారి దించండి. మధ్యలో అదే లేచి గీరితే, మాటా మంతీ లేకుండా దించి తీసుకురండి, ఆటలు పెట్టొద్దు. పెట్టె వంటింట్లో కాదు, మీ మంచం పక్కన పెట్టుకోండి. ఏడిస్తే చెయ్యి లోపలికి పెట్టండి. వాసన తగిలితే చాలు దానికి. వారంలో సర్దుకుంటుంది. ఇంకేం చేసినా చెయ్యకపోయినా, లేపొద్దు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. ఇంటికి రాగానే గళ్ళ కాగితం చించేశాను.

ఆ రాత్రి నుంచి పెట్టె నా వైపు మంచం పక్కన చేరింది. హాఫ్‌టికెట్టు ఏడ్చినప్పుడల్లా చెయ్యి వేలాడేసి దాని వీపు మీద పెట్టేదాన్ని. చిన్న పక్కటెముకలు చేతికి తగిలేవి. వేళ్ళు నాకేది, కొరికేది, మళ్ళీ ఏడ్చేది. నేను గొంతు తగ్గించి దాంతో ఏవో చెప్పేదాన్ని. బుకింగ్ కిటికీ దగ్గర చిల్లర మాటలు, ఎవరు ఎవరితో పోట్లాడారో, ఎవరు చివరి నిమిషంలో పరిగెత్తుకొచ్చారో. వింటూ వింటూ అది ముక్కు నా మణికట్టుకు ఆనించి పడుకునేది.

అప్పుడు తట్టింది నాకు. చీకట్లో నేను నోరు తెరవడం మూడు నెలల తర్వాత అదే మొదలు. పగలు మా ఆయనతో మాట్లాడతాను, కూర సంగతీ కరెంటు సంగతీ. దీపం ఆర్పాక మాత్రం ఆయన అటు తిరిగి, నేను ఇటు తిరిగి, గోడలు చూస్తూ ఉంటాం. కుక్కపిల్లతో చెప్పిన మాటల్లో నాలుగు ఆయనతో చెప్పలేకపోయాను.

ఎందుకో చెబుతాను. ఎంక్వయిరీలో చెప్పనిది ఇక్కడ చెబుతాను.

ఆ రాత్రి పదకొండింటికి, భోజనాల హాల్టు దగ్గర, పదిమంది డ్రైవర్ల ముందు మా ఆయన ఒక జోకు వేశాడు. "మా బండికి రెండు హారన్లురా. ఒకటి నొక్కితే మోగుతుంది, రెండోది నొక్కకపోయినా మోగుతుంది." అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఇంకో రోజైతే నేనూ నవ్వి, తిరిగి నాలుగు అంటించేదాన్నే. ఆ రోజెందుకో ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళు గొంతు అరగదీసుకుని నిన్ను మేలుకొలిపిన దానికి ఇదా బిరుదు అనుకున్నాను. సరే, ఇవాళ మోగను, చూద్దాం అనుకుని వెనక వరసలోకి పోయి కూర్చున్నాను. ఒంటిగంట టీ హాల్టులో కూడా దిగలేదు. తర్వాత ఎంక్వయిరీకి ఇచ్చిన చీటీలో 'సామాను సర్దడానికి వెనక్కి వెళ్ళాను' అని రాసి సంతకం పెట్టాను. సామానూ లేదు, సర్దడమూ లేదు. పంతం పట్టి కూర్చున్నాను.

ఆ సంగతి ఆయన ఎంక్వయిరీలో ఎత్తలేదు. ఇంట్లోనూ ఎత్తలేదు. ఒక్కసారైనా 'నువ్వక్కడ ఉంటే' అని తిట్టి ఉంటే నాకు ప్రాణం తేలికపడేది.

కాంపౌండరు చెప్పిన వారానికి ఇంకో రోజు పట్టింది. ఎనిమిదో రాత్రి పదింటికి పడుకున్న హాఫ్‌టికెట్టు అయిదింటి దాకా కదల్లేదు. బతికి ఉందో లేదోనని నేనే రెండుసార్లు వంగి చూశాను. పొట్ట పైకీ కిందికీ ఆడుతోంది. పొద్దున ఒళ్ళు విరుచుకుని, ఆవలించి, నా చెప్పు ఎత్తుకుపోయింది. ఆ సంతోషంలో దాన్ని తిట్టలేదు కూడా. పసిదానికి పట్టింది, పెద్దాయనకూ పడుతుందని ఎవరో చెప్పినట్టే అనిపించింది. అప్పటికి పరీక్షకు పది రోజులుంది. మూడు రాత్రులు వరసగా అలాగే గడిచాయి.

నాలుగో రోజు మా ఆయన పెట్టెను ముందు గదిలోకి మార్చాడు. "నీకు పొద్దున్నే డ్యూటీ. పడుకో. అదెలాగూ పడుకుంటోంది, నేనెలాగూ లేచే ఉంటాను, నేను చూసుకుంటాను," అన్నాడు. మంచి మాటే కదా అనుకున్నాను.

ఆ రాత్రే మళ్ళీ మూలుగు వినిపించింది. ఒంటిగంటకు ఒకసారి, తర్వాత ఇంకోసారి. నేను లేవబోతే ముందు గదిలోంచి, "ఏం లేదు, నువ్వు పడుకో," అన్నాడు. రెండో రాత్రీ అంతే. మూడో రాత్రీ అంతే. పగలు హాఫ్‌టికెట్టు పాలగిన్నెలో మూతి పెట్టి అలాగే నిద్రపోయింది. ముక్కులోకి పాలు పోయి తుమ్ముతూ లేచింది. చెప్పు ముందు పడేసినా ముట్టుకోలేదు. సెలవు పెట్టి కాంపౌండరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన దాన్ని తూకం వేసి, పాత చీటీ తీసి చూసి, నవ్వలేదు.

"రెండు వారాల కిందట ఎంతుందో అంతే ఉంది. మళ్ళీ లేపుతున్నారా?"

"లేదండీ, ఒట్టు. అదే లేస్తోంది."

"ఒకసారి రాత్రంతా పడుకోవడం అలవాటయ్యాక ఊరికే మానదమ్మా," అని నులిపురుగుల మందు రాసిచ్చాడు. ఆ మాట అప్పుడు నా బుర్రకెక్కలేదు.

పరీక్షకు నాలుగు రోజులుందనగా, రాత్రి దాహమేసి లేచాను. గడియారం మూడింటికి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. మంచం మీద నా పక్క ఖాళీ. ముందు గదిలో దీపం లేదు గాని, వీధిదీపం వెలుగు కిటికీలోంచి పడుతోంది. మా ఆయన నేల మీద, పెట్టె ముందు, రెండు చేతులూ గుండ్రంగా ముందుకు చాపి కూర్చున్నాడు. ఏదీ పట్టుకోలేదు. పెట్టెలో హాఫ్‌టికెట్టు వెల్లకిలా, నాలుగు కాళ్ళూ వదిలేసి, గాఢంగా నిద్రపోతోంది.

ఆయన వంగి దాని చెవిలో ఊదాడు. చెవి కదిలింది గాని అది లేవలేదు. వేలితో పొట్ట మీద పొడిచాడు. తువ్వాలు లాగాడు. చివరికి చంకల కింద పట్టి ఎత్తి నిలబెట్టాడు. తల అటూ ఇటూ వాలిపోతుంటే అది కళ్ళు తెరవకుండానే సన్నగా మూలిగింది.

"ఆ, అదీ. ఊఁ అను," అన్నాడు మా ఆయన. ఎంత బతిమాలుతున్నాడో ఆ గొంతులో తెలుస్తోంది. "ఇప్పుడు ఎడమ పక్కన లారీలుంటాయి. చూసుకోవాలి మనం. ఊఁ అను. పడుకోకు. ఊఁ అనవే తల్లీ."

నీళ్ళ సంగతి మరిచిపోయాను. ముందు వచ్చింది కోపమే. నాకు ఏదొచ్చినా ముందు కోపమే వస్తుంది.

"ఏమయ్యా, బుద్ధుందా నీకు? ఎందుకు లేపుతున్నావు దాన్ని?"

ఆయన ఉలిక్కిపడలేదు. దొంగతనం దొరికినట్టూ లేదు. "పడుకుందే," అన్నాడు నా వైపు చూసి.

"పడుకోవాలనే కదా ఇన్నాళ్ళూ చచ్చింది!"

"ఇంట్లో అందరూ పడుకుంటే ఎలాగే? రాత్రిపూట ఎవరో ఒకరు లేచి ఉండాలి కదా."

"నువ్వు లేచే ఉన్నావుగా."

"నేనొక్కణ్ణే ఉంటే చాలదు," అన్నాడు. "ఒక్కణ్ణే ఉంటే ఏమైందో చూశాంగా."

నన్ను దెప్పడానికి అనలేదు. ఆయనకు దెప్పడం రాదు. ఉన్న సంగతి చెప్పాడు, అంతే. కాని నేను గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను. హాఫ్‌టికెట్టు తూలుకుంటూ వచ్చి నా చీర కుచ్చిళ్ళలో ముఖం దూర్చింది.

"నేను సామాను సర్దలేదు," అన్నాను. "నీ మీద కోపంతో కూర్చున్నాను. నిద్ర కూడా పోలేదు. బండి రోడ్డు అంచుకు జరుగుతోందని నాకు తెలిసింది. రెండుసార్లు తెలిసింది. పన్నెండేళ్ళు తిరిగినదాన్ని, నాకు తెలియదా? లేచి రావచ్చు. నువ్వే పిలుస్తావు, పిలిచేదాకా రాకూడదు అనుకున్నాను."

ఈ మాటలు బయటికి వస్తే నేను చచ్చిపోతాననుకున్నాను మూడు నెలలూ. చావలేదు. ఆయన పెట్టెలోని తువ్వాలు అంచు పట్టుకుని మడతపెడుతూ కూర్చున్నాడు.

"నాకూ తెలిసింది," అన్నాడు. "కళ్ళు మూతపడుతున్నాయని తెలిసింది. వెనక వచ్చే బళ్ళ వెలుగులో అద్దంలో నువ్వు కనిపిస్తూనే ఉన్నావు, చేతులు కట్టుకుని. ఏమే అంటే వస్తావు. పిలిస్తే ఓడిపోయినట్టు ఉంటుందని, వంతెన దాకా లాగేద్దాంలే అనుకున్నాను."

అంతే సంగతి. ఒక జోకు, దాని మీద ఇద్దరి పంతం. మధ్యలో ఆ మనిషి బూట్లు విప్పుకుని, మమ్మల్నిద్దర్నీ నమ్మి పడుకున్నాడు. మాట పోతే మళ్ళీ తెచ్చుకోవచ్చు, మనిషి పోతే తేగలమా అని మా అమ్మ అంటుండేది. ఆ రోజు నాకు మాటే ఎక్కువైంది.

మనసులో ఉన్నదంతా చెప్పేసుకున్నాం కదా, ఇక ఆయనకు నిద్ర పడుతుందని నేను వెర్రిదానిలా నమ్మాను. చెయ్యి పట్టుకుని మంచం దగ్గరికి తీసుకొచ్చాను. పక్కన పడుకుని మాట్లాడటం మొదలుపెట్టాను. మూడు నెలలుగా కడుపులో ఉన్నదంతా, డిపో కబుర్లు, వదిన మీద చాడీలు, చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన కథ మళ్ళీ మొదటి నుంచీ. ఆయన ఊఁ కొట్టాడు. ప్రతి మాటకూ సరిగ్గా, ఆలస్యం కాకుండా కొట్టాడు. కిటికీ తెల్లబడింది. నా గొంతు బొంగురుపోయింది. తిరిగి చూస్తే ఆయన కళ్ళు పత్తికాయల్లా విచ్చుకుని ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. నా మాట ఆయనకు జోలపాట ఎలా అవుతుంది? పన్నెండేళ్ళు ఆ మాట ఆయన్ని పడుకోనివ్వకుండా ఉంచడానికే ఉంది. నేను మాట్లాడితే మేలుకుంటాడు. మానేస్తే ఆ రాత్రి గుర్తొచ్చి భయంతో మేలుకుంటాడు. నా దగ్గర మూడోది ఏమీ లేదు. ఉంటే ఈపాటికి ఇచ్చేసేదాన్ని.

మిగిలిన రోజుల్లో డాక్టరు రాసిన నిద్రబిళ్ళలు వేశాం. గంటన్నర పడుకుని, పెద్దగా అరిచి లేచాడు. పరీక్ష రోజు గడ్డం గీసుకుని, ఇస్త్రీ ఖాకీ వేసుకుని వెళ్ళాడు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు సందులోంచి కనిపించింది. ఎర్రదీపం వెలిగింది. ఆయన కాలు పడింది, కాని దీపం వెలగక ముందే పడింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ముందే తన్నాడు. అయిదుసార్లు పెడితే అయిదుసార్లూ అంతే. డాక్టరు చేతులు చాపమని కూడా అడగలేదు.

మేనేజరు చెడ్డవాడు కాదు. మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి టీ తెప్పించాడు. "ఉద్యోగం తీసెయ్యడం నాకిష్టం లేదు. యార్డు గేటుకు రాత్రి వాచ్‌మన్ లేక అవస్థ పడుతున్నాం. పెట్టిన ప్రతివాడూ కునుకు తీస్తున్నాడు. నీకైతే ఆ బెడద లేదు కదా," అన్నాడు. అని, అన్నది ఎలా ఉందో తోచి, టీ కప్పులోకి చూశాడు.

మా ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. స్టీరింగ్ గురించి ఒక్క మాట అడగలేదు. బయటికి వచ్చాక డిపోలో అందరూ భుజం తట్టారు. వదిన ఫోనులో, "పోనీలే, గూడు చెదరలేదు, అదే పదివేలు," అంది. ఆయన ముఖం తేటపడింది. నేను కోరుకున్న తేట కాదది. ఇక నిద్రపోవాల్సిన పని లేదని తెలిసిన మనిషి తేట.

డ్యూటీలో చేరే రోజు సాయంత్రం అన్నం తిని, హాఫ్‌టికెట్టు మెడకు తాడు కట్టాడు.

"దాన్నెక్కడికి?" అన్నాను.

"నాతోనే. గేటు దగ్గర కుక్క ఉంటే మంచిదన్నాడు మేనేజరు."

"అది పిల్లయ్యా. రాత్రి పడుకోవాలి. పెరగడం లేదు అది. దాన్నైనా వదిలిపెట్టు."

"పగలు పడుకుంటుందిలే, నాతో పాటే."

"నువ్వు పగలు మాత్రం పడుకుంటావా?"

ఆయన తాడు ముడి సరిచూసుకున్నాడు. "ఒక్కణ్ణే ఉండలేనే," అన్నాడు. దాన్ని లాక్కుంటే రేపటి నుంచి ఆ గేటు దగ్గర ఊఁ కొట్టేది ఎవరు? నేనా? పొద్దున ఏడింటికి నేను బుకింగ్ కిటికీ తెరవాలి. చీకట్లో కూర్చుని ఆయన్ని మేలుకొలపడానికి నాకు ఇంకో పన్నెండేళ్ళ గొంతు లేదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి సిగ్గేసి, పాలసీసా తెచ్చి ఆయన సంచిలో పెట్టాను. ఇద్దరూ మెట్లు దిగిపోయారు. రెండో మలుపు దాకా ఆయన దాంతో ఏదో చెబుతూ ఉండటం వినిపించింది.

తలుపేసుకుని దీపం ఆర్పాను. ఈ రాత్రి తనివితీరా ఏడవాలని ముందే అనుకున్నాను. ఆయన లేడు, కింద వాటావిడ చెవులకు దుప్పటి కప్పుకుని ఉంటుంది, అడ్డేముంది. దిండు మీద తల పెట్టాను. ఇంట్లో మంచం పట్టె తన్నే చప్పుడు లేదు, మూలుగు లేదు, ముందు గదిలో అడుగుల చప్పుడు లేదు. ఏడుపు ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుండగానే కళ్ళు మూతలు పడ్డాయి. కలలు కూడా రాలేదు. తలుపు కొడుతుంటే మెలకువ వచ్చింది. కిటికీ నిండా ఎండ. దిండు పొడిగా ఉంది.

తలుపు తీశాను. మా ఆయన, చంకలో హాఫ్‌టికెట్టు. నాలుగు కళ్ళూ ఎర్రగా వాచి ఉన్నాయి. కుక్కపిల్ల నన్ను చూసి తోకైనా ఆడించలేదు. ఆయన నా ముఖంలోకి పరీక్షగా చూశాడు.

"నిద్ర పట్టిందా?"

"ఎక్కడ పట్టిందయ్యా," అన్నాను. "కంటి మీద కునుకు లేదు."

ఆయన భుజాలు కొద్దిగా దిగాయి. "అంతేలే," అని నా పక్కనుంచి లోపలికి నడిచాడు. నేను మేలుకునే ఉన్నానని విని ఆయనకు ఎంత ఊరట కలిగిందో ఆ నడకలోనే తెలిసిపోయింది. ఇక రోజూ పొద్దున్నే ఈ అబద్ధం చెప్పాలి నేను. రాత్రి బాగా పడుకుని లేచి, చెప్పాలి.